ఈ వారము ఇంట ఏ బొమ్మ చూడవచ్చును?



రెండు నెలల క్రిందట ఒక ఆదివారము ఆరాధన ముగిసి చాపలు చుట్టుచుండగా, కోయంబత్తూరు సంఘములోని యౌవనస్థులు ముగ్గురు మా యొద్దకు వచ్చిరి. మన పత్రికలో వివాహములు, మరణములు, బదిలీలు, సండేస్కూలు పరీక్షల ఫలితములు వేయుచున్నాము గదా. చివరి పుటలో సగము తమకు ఇచ్చినయెడల, ఇంటి తెరకు క్రొత్తగా వచ్చిన తెలుగు సినిమాలలో కుటుంబముతో కూర్చుండి చూడదగినవి ఏవో తాము వ్రాసెదమనిరి. "శనివారం వస్తే చాలు తాతా, ఈ వారం ఏం చూద్దామని ఇంట్లో గొడవే. ఫోను తెరిస్తే వంద బొమ్మలు కనిపిస్తాయి. ఏది మంచిదో చెప్పేవాళ్లు లేరు" అని వారిలో ఒక అమ్మాయి చెప్పినది.

ఈ మనవిని పెద్దల కూటమిలో పెట్టగా కొంతసేపు ఎవరును మాటలాడలేదు. తరువాత ఒక పెద్దగారు "సినిమా పేరు మన పత్రికలోనా?" అని అడిగిరి. అప్పుడు స్త్రీల సమాజపు అమ్మగారు లేచి, "సరేనండి, ఇంట్లో సినిమా చూడనివారు ఎవరో చెయ్యెత్తండి" అనిరి. ఒక్క చెయ్యి మాత్రమే లేచెను. అది ఇంట టి.వి. లేని ఒక అవ్వది. ఆమెయు ప్రక్కింట చూచునని కూటము ముగిసిన తరువాత తానే ఒప్పుకొనెను.

చివరకు, "మీరు ట్రైనింగు చదివిన పంతులుగారు, ముందు మీ అభిప్రాయము వ్రాయుడి, పిమ్మట చూతము" అని భారము మా మీద వేసిరి. మేమును తొందరపడి ఒప్పుకొంటిమి. ఇంటికి వచ్చి కాగితము ముందర కూర్చుండిన తరువాత మూడు వారములు ఒక్క వాక్యము సాగలేదు. సినిమాలను గూర్చి తెలియక కాదు. ఈ విషయములో మేము వెనుక ఒక ఉత్తరము వ్రాసియున్నాము. అది జ్ఞాపకమునకు వచ్చుచుండెను.

మన తండ్రులు నెల్లూరు, ఒంగోలు వైపులనుండి మిల్లులకును, రైల్వేకును, మునిసిపాలిటీ పనులకును ఇక్కడికి వచ్చినప్పుడు మూట ముల్లెలతోపాటు ఒక కట్టుబాటును కూడ తెచ్చుకొనిరి. కల్లు త్రాగరాదు, పేకాట ఆడరాదు, సినిమా హాలు మెట్టు ఎక్కరాదు. ఆ కట్టుబాటును మేము ఎగతాళి చేయము. వారానికి ఒకసారి కూలి చేతికి వచ్చు దినములలో, ఆ మూడు మెట్లు ఎక్కని ఇంటిలో శనివారము పొయ్యి వెలిగెను. మా నాయనగారు తమ జీవితకాలములో ఒక్క సినిమాయు చూడలేదు. దానివలన ఆయనకు లోటు కలిగినట్లు మాకు తోచలేదు.

అయితే ఆయనకు తెలియని సంగతి ఒకటి గలదు. మన కోయంబత్తూరికి కదలు బొమ్మలు వచ్చినది యేసు ప్రభువు చరిత్రతోనే. తిరుచిరాపల్లిలో రైల్వే ఉద్యోగము చేయుచున్న సామికన్ను విన్సెంట్ అను కోయంబత్తూరు క్రైస్తవుడు 1905 లో ఒక ఫ్రెంచివాని యొద్ద ప్రొజెక్టరును, దానితో కొన్ని చుట్టలను కొనెను. వాటిలో ముఖ్యమైనది 'యేసుక్రీస్తు జీవితము' అను మూగ చిత్రము. ఆయన ఉద్యోగము మాని, గుడారము వేసి ఊరూర దానిని చూపెను. 1914 లో ఈ ఊరిలోనే వెరైటీ హాలు కట్టించెను. దక్షిణ దేశమున సినిమాకొరకు స్థిరముగా కట్టిన మొదటి హాలు అదియే యందురు. తరువాత డిలైట్ అను పేరుతో నడచినది. ఆ వెరైటీ హాలు రోడ్డు మీదుగానే మా నాయనగారు ముప్పది ఏండ్లు సైకిలు త్రొక్కి పనికి పోయిరి, ముఖము ప్రక్కకు త్రిప్పకుండ. ఇక పక్షిరాజా స్టూడియో సంగతి పెద్దలకు తెలిసినదే. శ్రీరాములు నాయుడుగారు 1954 లో 'మలైక్కళ్ళన్' తీసి, ఆ కథనే 'అగ్గిరాముడు' అని తెలుగులో కూడ తీసిరి. ఇట్టి ఊరిలో ఉండి సినిమాను పరదేశపు తెగులుగా మాటలాడుట కొంత విడ్డూరమే.

1982 లో ఢిల్లీలో ఏషియాడ్ ఆటలు జరిగిన తరువాత రంగుల టి.వి.లు, వాటి వెనుకనే వీడియో డెక్కులు మన వీధులలోనికి వచ్చెను. కొనగలవారు బహు కొద్దిమంది. అద్దెకు తెచ్చుకొనుటయే వాడుక. సాయంత్రము ఆరు గంటలకు కుర్రవాడు సైకిలు వెనుక టి.వి. కట్టుకొని వచ్చును. చేతి సంచిలో డెక్కును, మూడు క్యాసెట్లును ఉండును. మరునాడు ఉదయము మరల తీసికొనిపోవును. మూడింటిలో రెండైనను అరవమే. తెలుగు క్యాసెట్టు దొరికెనంటే పండుగయే.

ఆ దినములలో, 1984 లో, మా సంఘములో స్పిన్నింగు మిల్లులో పనిచేయు ఒక యౌవనస్థుడు సినిమా హాలు టిక్కెట్టు వరుసలో నిలిచియుండగా ఒక డీకనుగారు చూచిరి. ఇరువది యేండ్లవాడు, పాటల గుంపులో మంచి గొంతుగలవాడు. అది 'సలంగై ఒలి' అను చిత్రము. విశ్వనాథ్ గారు 1983 లో తీసిన 'సాగర సంగమం'నకు అరవ రూపము. విచారణ జరిగెను. అతడు దాచలేదు. "అవునండి, పోయినాను" అనెను. ఆరు మాసములు ప్రభువు బల్లనుండి ఆపవలెనని పెద్దలు నిర్ణయించిరి. ఆ నిర్ణయమును ఉత్తరముగా వ్రాసినది మేము. మా చేతివ్రాత గుండ్రముగా ఉండునని సంఘ కార్యదర్శిగారు మాచేతనే వ్రాయించిరి. వ్రాయుటకు మాకు చెయ్యి వణకలేదు. ఒక తప్పు అక్షరము లేకుండ వ్రాసితిమని సంతోషించినట్లు కూడ జ్ఞాపకము.

అదే సంవత్సరము క్రిస్మసు వారములో మా ఇంట డెక్కు పెట్టించితిమి. సంఘమువారికి 'కరుణామయుడు' చూపుటకు. ముప్పది నలుబదిమంది ఆ చిన్న గదిలోను, వసారాలోను ఒదిగి కూర్చుండిరి. సిలువ ఘట్టము వచ్చినప్పుడు ముసలమ్మలు కొంగు నోటికి అడ్డము పెట్టుకొని ఏడ్చిరి. ఒకావిడ టి.వి.కి పూలదండ వేయబోగా అయ్యగారు మెల్లగా ఆపిరి. ఇదంతయు తొమ్మిదిన్నరకు ముగిసెను. అద్దె తెల్లవారువరకు ఇచ్చియుంటిమి. సంచిలో ఇంక రెండు క్యాసెట్లు ఉండెను. అందులో ఒకటి 'సాగర సంగమం', తెలుగుదే.

పిల్లలను పండుకొనబెట్టితిమి. తలుపు గడియ వేసితిమి. వెలుతురు వీధిలోనికి పడకుండ కిటికీలు మూసి, వాటికి దుప్పట్లు కట్టితిమి. మాతోకూడ కూర్చుండి చూచినవారిలో ఆ యువకుని విచారణలో పాలుగొన్న పెద్దలు ఇద్దరు ఉండిరి. వారిప్పుడు ప్రభువునందు నిద్రించియున్నారు గనుక వారిని గూర్చి ఎక్కువ చెప్పము. వ్రాసిన చెయ్యి మాది గనుక మమ్మును గూర్చియే చెప్పుచున్నాము. చిత్రము బహు బాగుండెను. నాట్యకళకు తన్ను అప్పగించుకొని, అవకాశము చేజారి, త్రాగుడులో పడిన ఒక మనుష్యుని కథ అది. మాకు కన్నీరు వచ్చెను. ఆ కన్నీటిలో గోడకు అవతల వీధిలో, నాలుగిండ్ల దూరములో, అదే చిత్రమునకై బల్లకు దూరమైన కుర్రవాడు ఉన్నాడను తలంపు మాకు రాలేదు. ఇది నిజము. రానేలేదు.

ఇక్కడనే ఆగి ఆలోచించుడని పాఠకులను వేడుకొనుచున్నాము. చిత్రము ఒక్కటే. కథ ఒక్కటే. అతడు చూచినది తప్పయినప్పుడు మేము చూచినది ఎట్లు తప్పు కాలేదు? ఆనాడు ఎవరైన అడిగియుంటే, "హాలు వేరు, ఇల్లు వేరు, హాలులో చెడు సహవాసము గలదు" అని జవాబు చెప్పియుందుము. అందులో కొంత సత్యమును లేకపోలేదు. కాని ఇల్లు పరిశుద్ధమైనదని అంత నమ్మకము ఉన్నయెడల, కిటికీలకు దుప్పట్లు ఎందుకు కట్టితిమి? మేము భయపడినది సినిమాకు కాదు. టిక్కెట్టు వరుసలో కనబడుటకు భయపడితిమి. మన కట్టుబాటు ఏ దినమున కన్నులను కాచుట మాని, ఇతరుల కన్నులలో మన పేరును కాచుటకు దిగినదో ఆ దినము మాకు తెలియదు. డెక్కు రాకముందు ఈ రెండును ఒకటిగానే కనబడెను. డెక్కు వచ్చి విడదీసి చూపెను.

చూడకుండ తీర్పు చెప్పుట మరియొక తప్పు. ఇందులో మనము ఒంటరివారము కాము. 1927 లో ప్రభుత్వము సినిమాలను విచారించుటకు ఒక కమిటీని వేసి, మదరాసు లాయరు రంగాచారిగారిని అధ్యక్షునిగా నియమించినది. ఆ కమిటీవారు గాంధీగారి అభిప్రాయము కోరగా, తాను ఎన్నడును సినిమాకు పోలేదనియు, అయినను దానివలని కీడు స్పష్టమేననియు ఆయన జవాబు పంపిరి. 1944 లో 'రామరాజ్య' అను హిందీ చిత్రమును కొంత చూచిరి. అంత గొప్పవారికే అట్లయినప్పుడు, చూడకుండ చెప్పినందుకు మా పెద్దలను మేము ఎక్కువగా నిందింపము. చూచి కూడ చెప్పకపోవుట, అది మాది.

ఆ యువకుడు ఆరు మాసముల తరువాత బల్లకు తిరిగి రాలేదు. మధురకు పోయెనని వింటిమి. చాల ఏండ్లకు, 2009 లో, మధురలో మన బంధువుల వివాహమునకు పోయినప్పుడు, తిరుమల నాయకుని మహలు దగ్గర వీధిలో అతడే మమ్మును గుర్తుపట్టి పలుకరించెను. తల నెరసినది. చిన్న ఎలక్ట్రికల్ కొట్టు పెట్టుకొని యున్నాడు. కాఫీ ఇప్పించెను. ఆ ఉత్తరము మాట మేము ఎత్తలేకపోతిమి. అతడే చాలాసేపటికి నవ్వుచు అడిగెను: "కిటికీలు మూసినారు గాని పాటలు వీధంతా వినబడినాయి అన్నా. తెలుగులో ఎట్లా ఉన్నింది ఆ పటం?"

బాగున్నదని చెప్పితిమి. అంతకు మించి మాట రాలేదు.

ఇప్పుడు దుప్పట్ల అవసరము కూడ లేదు. హాలులో వేయిమంది మధ్య చూచితిమి, డెక్కు దినములలో నలుబదిమంది మధ్య చూచితిమి, ఇప్పుడు మనుమడు చెవులలో తీగ పెట్టుకొని దుప్పటి లోపల ఒంటరిగా చూచుచున్నాడు. ఏమి చూచుచున్నాడో ప్రక్కన పండుకొనినవానికే తెలియదు. తాతయు వేరు గదిలో ఒంటరిగానే చూచుచున్నాడు, మరువవద్దు. కనబడుదుమను భయము మీద నిలిచిన కట్టుబాటు, కనబడని చోట ఏమి చేయగలదు? "ఆ సినిమా చూడవద్దు" అని పుల్పిటునుండి చెప్పుట వలన నేడు ఒకటే ప్రయోజనము: దాని పేరు తెలియనివారికి తెలియును.

మరియొక సంగతి కూడ ఒప్పుకొనవలెను, ఇది కొంత చేదు. 'కరుణామయుడు' క్యాసెట్టును మేము మరుసటి సంవత్సరము రెండు డెక్కులను తీగతో కలిపి నకలు తీసితిమి. మధురకు ఒకటి, తిరుప్పూరుకు ఒకటి, ఇట్లు కొన్ని పంపితిమి. అది సువార్త సేవయే అనుకొంటిమి. 'పాశమలర్' తీసిన భీంసింగ్ గారు ఆ చిత్రమునకు దర్శకులు. అది 1978 లో విడుదల కాకముందే ఆయన చనిపోయిరి. డబ్బు చాలక ఆగి ఆగి పూర్తియైన చిత్రమది. అరవములో 'కరుణామూర్తి' అని, హిందీలో 'దయాసాగర్' అని వచ్చినది. దానిని తీసినవారికి మా నకళ్ల వలన ఒక్క పైసాయు పోలేదు. వీడియో దొంగతనములు పెరిగినవనియే 1957 నాటి కాపీరైటు చట్టమును 1984 లో గట్టిపరచిరి. క్యాసెట్టు మీద హక్కుదారుని పేరు ఉండవలెనని అప్పుడే నిబంధన చేర్చిరి. మేము నకళ్లు తీసినది దాని తరువాత ఏడాది. ఎనిమిదవ ఆజ్ఞను పిల్లలచేత కంఠస్థము చేయించుచు, ఆ చేతులతోనే తీగ కలిపితిమి.

2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు దొంగ ప్రతులు పెట్టు సైటు ఒకదానిని నడిపినవానిని పట్టుకొనినప్పుడు, జనులలో చాలమంది వానినే మెచ్చుకొనిరి. టిక్కెట్లు అంత ప్రియమైతే ఏమి చేయుదుమనిరి. మన యౌవనస్థులలోను కొందరు అట్లే మాటలాడగా విని, మందలించుటకు నోరు తెరచి మరల మూసికొంటిమి. తరువాత మా నకళ్ల సంగతి వారికి చెప్పితిమి. ఆశ్చర్యపడిరి. ఒకడు, "అయితే ఇప్పుడు మనం డబ్బు కట్టి చూద్దాం తాతా, నలుగురిళ్లు కలిసి" అనెను. ఒక ఇంటికి కట్టిన చందాతో నాలుగిండ్లు చూచుట కూడ సరికాదని చెప్పుటకు మాకు మరియొక అరగంట పట్టినది. గుడి హాలులో పెద్ద తెర కట్టి అందరికి చూపుటయు కుదరదు. ఇంటికొరకు ఇచ్చిన అనుమతి ఇంటికే. ఎవరి ఇంట వారు, అతిథులను పిలుచుకొని చూచుకొనవచ్చును.

ఇంత కష్టము ఎందుకు, సినిమాలే మానివేయరాదా అని కొందరు అడుగుదురు. ఇక్కడ మనవంటి వలస సంఘములకు మాత్రమే గల చిక్కు ఒకటి గలదు. మన పిల్లల తెలుగు ఎక్కడనుండి వచ్చుచున్నది? తమిళనాడులో 2006 నాటి చట్టము ప్రకారము బడిలో తమిళము తప్పనిసరి అయినది. ఒకటవ తరగతితో మొదలై 2015-16 లో పదవ తరగతికి చేరినది. ఆ రాజ్యములో ఉన్నవారు ఆ రాజ్యభాష నేర్చుకొనుట న్యాయమే, మాకు దానిపై ఫిర్యాదు లేదు. కాని తెలుగు అక్షరములు మాత్రము మన ఇండ్లలో ఆగిపోయెను. సండేస్కూలు పిల్లలు పాటలను అరవ లిపిలో వ్రాసికొందురు. అరవములో తకును దకును ఒకటే అక్షరము గనుక దేవుడు 'తేవుడు' అగును. చూచి పాడు పిల్ల అట్లే పాడును. అయినను అయ్యగారి ప్రసంగము ఆ పిల్లలకు అర్థమగుచున్నది. ఎట్లు అని విచారించితిమి. ఇంట అవ్వ మాట కొంత, మిగిలినది సినిమా. మేము ముప్పది ఏండ్లు బడిలో నేర్పినదానికంటె ఆ తెర ఎక్కువ తెలుగు నేర్పినదని చెప్పుకొనుట ఉపాధ్యాయునికి సుఖముగా ఉండదు. కాని అది నిజము. తెరను మూసినయెడల మన ప్రసంగమును కూడ ఒక తరము తరువాత మూసికొనవలసివచ్చును.

కనుక ప్రశ్న చూడవచ్చునా కూడదా అన్నది కాదు. ఏది, ఎవరు చెప్పవలెను అన్నదే. అమెరికాలో 1934 ప్రాంతమున కతోలికులు 'లీజియన్ ఆఫ్ డీసెన్సీ' అని ఒక సంస్థ పెట్టి, సినిమాలకు ఏ, బి, సి అని తరగతులు కట్టిరి. సి అనగా చూడరానిది. గుడులలో నిలువబడి ప్రమాణము చేయించిరి. స్టూడియోలు కొంతకాలము దానికి వణకెను. మెల్లగా జనులు వినుట మానిరి. మన దేశములో 1952 నాటి చట్టము క్రింద సెన్సారు బోర్డు గలదు. ఇంటి తెరకు నేరుగా వచ్చువాటికి ఆ బోర్డు లేదు, 2021 నియమముల ప్రకారము వారే ఏడేండ్లకు, పదమూడేండ్లకు, పదునారేండ్లకు అని వయస్సు గుర్తు వేసికొందురు. ఈ గుర్తులు అవసరమే. తలిదండ్రులు తప్పక చూడవలెను. కాని పదమూడేండ్లవాడు చూడవచ్చునని చెప్పు గుర్తు, వాడు చూచుటకు దానిలో ఏమైన ఉన్నదా అని చెప్పదు. ఒక్క బూతు మాటయు లేక, ఒక్క ముద్దు లేక, మూడు గంటలు మనుష్యులను నరుకు చిత్రములను మన ఇండ్లలో భోజనము చేయుచు చూచుచున్నాము. వాటిని గూర్చి ఏ పెద్దయు ఉత్తరము వ్రాయలేదు.

మా మాట వట్టి మాటగా ఉండకుండ, అమ్మాయి చెప్పిన రెండు చిత్రములను మేమును పూర్తిగా చూచితిమి.

ఒకటి 'బలగం', 2023 మార్చిలో హాళ్లలో వచ్చి ఆ నెలలోనే ఇంటి తెరకు వచ్చినది. తెలంగాణ పల్లెలో ఒక ముసలితాత చనిపోవును. పిండము పెట్టగా కాకి ముట్టదు. దాని చుట్టునే కథ. మన పెద్దగారు ఒకరు దీనిని ఆక్షేపించి, ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయము ఎనిమిదవ వచనము చూపిరి. ఆ వచనము మాకును ప్రియమైనదే. కాని ఆ పౌలుగారే ఏథెన్సు వీధులలో తిరిగి, వారి బలిపీఠములను తేరి చూచి, వారి కవుల మాటలు తెలిసికొని మాటలాడిరి గదా. కాకి నమ్మకము మనది కాదు. అది చూచు పిల్లలకు చెప్పవచ్చును, చెప్పుటకు అది మంచి సమయము కూడ. మేము చూచినది కాకిని కాదు. విందులో నల్లిబొక్క తనకు వేయలేదని అలిగి ఇరువది ఏండ్లు అత్తవారి గడప త్రొక్కని అల్లుని చూచితిమి. మన సంఘములలో ముందు వరుస కుర్చీకొరకు, ఆహ్వాన పత్రికలో పేరు క్రిందికి పడెనని, రెండు తరములు మాటలు లేని కుటుంబములు ఎన్ని గలవో పాఠకులు తమ మనస్సులోనే లెక్కించుకొందురు గాక. ఆ యేడు తెలంగాణ పల్లెలలో వీధిలో తెర కట్టి ఊరందరు దానిని చూచిరి. విడిపోయిన అన్నదమ్ములు చూచి కలిసికొనిరని పత్రికలలో వార్తలు వచ్చెను. అట్లు ఊరంతటికి చూపుటకు హక్కు ఉన్నదా అను తగవు కూడ అప్పుడే లేచెను. మంచి ఫలము ఒకవైపు, హక్కు ప్రశ్న మరియొకవైపు. మా నకలు క్యాసెట్లు జ్ఞాపకము వచ్చి నవ్వుకొంటిమి.

రెండవది 2018 లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'. విశాఖపట్టణపు ఆ పేటవారే చాలమంది అందులో నటించిరి. అందులో జోసెఫ్ అను క్రైస్తవ యువకుడు, భార్గవి అను బ్రాహ్మణ పిల్లను ప్రేమించును. ఆమె ఇంటివారు ఒప్పుకొనరు. మన యౌవనస్థులు ఈ భాగమును ఎందుకు మెచ్చుకొనిరో మాకు వెంటనే బోధపడినది. మా చిన్నతనములో తెలుగు తెర మీద క్రైస్తవ పేరు వినబడెనంటే అది క్లబ్బులో నాట్యమాడు లిల్లీయో, దొంగలకు తోడుపోవు పీటరో. పొట్టకూటికి పనిచేసికొనుచు, ప్రేమించి, దెబ్బ తిని, మామూలు మనుష్యునిగా నిలిచిన జోసెఫును చూచుట మన పిల్లలకు ఒక గౌరవము. చిత్రములో త్రాగుడు, సిగరెట్లు గలవు. చిన్నపిల్లలకు తగదు. పెద్ద పిల్లలతో కూర్చుండి చూచి, తరువాత మాటలాడుకొనవచ్చును. మాకు మాత్రము కథ మధ్యలో కొంత నిద్ర వచ్చెను. అది వయస్సు వలననే కావచ్చును.

'కరుణామయుడు' సంగతి కూడ ఒక మాట. మంచి శుక్రవారమునకు ఇప్పటికిని చాల ఇండ్లలో అదే వేయుచున్నారు. అందులో ప్రభువు వేషము వేసిన విజయచందర్ గారే 1986 లో షిర్డీ సాయిబాబా వేషము వేసిరి. ఇది విని నొచ్చుకొనిన అవ్వలు గలరు. నటుడు నటుడే. ఆ రాత్రి అయ్యగారు దండను ఆపుట ఎంత మేలైనదో ఆ రెండవ చిత్రము వచ్చినప్పుడు తెలిసికొంటిమి.

పెద్దల కూటమి మరల జరిగినప్పుడు ఇదంతయు చదివి వినిపించితిమి, ఉత్తరము సంగతితో సహా. ఇరుకుగా ఉండెను. చివరకు అర పుట ఇచ్చుటకు ఒప్పుకొనిరి. వ్రాయువారు ఆ చిత్రమును మొదటినుండి తుదివరకు చూచియుండవలెను, డబ్బు కట్టి చూచియుండవలెను, ఎవరితో కలిసి చూచిరో వ్రాయవలెను, క్రింద తమ పేరు పెట్టవలెను. పెద్దలు ఆక్షేపించినయెడల వారును చూచిన తరువాతనే, వారి పేరుతోనే ఆక్షేపించవలెను. ఈ చివరి మాటకు ఇద్దరు ఒప్పుకొనలేదు. మిగిలినవారు ఒప్పుకొనిరి.

వచ్చు శనివారము సాయంత్రము ఆరు గంటలకు మా ఇంట 'బలగం' వేసెదము. చాపలు మేమే పరచెదము, పిల్లలను తోడుకొని రండి. ఎండ కాలము గనుక కిటికీలు తెరచియుండును, శబ్దమునకు వీధివారు క్షమింతురు గాక. మధురలోని ఆ సహోదరునికి కూడ రమ్మని ఉత్తరము వ్రాసితిమి. ఫోను చేయవచ్చును గాని, చేతితోనే వ్రాసితిమి. ఈసారి అక్షరములు అంత గుండ్రముగా రాలేదు. పోస్టులో వేసి పదకొండు దినములైనది. జవాబు ఇంకను రాలేదు.